మెలిసోరాఖి ఊరి ముద్ర

నేను ఒక గుండ్రటి రబ్బరు ముద్రను. చెక్క పిడి, నడుమ తేనెటీగ బొమ్మ, చుట్టూ గ్రీకు అక్షరాల్లో ‘మెలిసోరాఖి గ్రామ సంఘం’. పుట్టింది మైదానంలోని పట్నంలో. బతుకంతా గడిచింది మాత్రం కొండమీద, ఊరి అధ్యక్షుడు లాంబ్రోస్ కోటు జేబులో.

ఆఫీసులో నాకో సొరుగు ఉండేది. అందులో కుదురుగా ఉన్నదెప్పుడు? కింది వాడలో ముప్ఫై ఇళ్లు, చర్చి, కాఫీ కొట్టు, ఆఫీసు. లోతైన వాగు దాటి పదకొండు మలుపులు ఎక్కితే పై వాడ. మంచు కురిస్తే అక్కడివాళ్లు దిగలేరు కనుక నేనే ఎక్కేదాన్ని. గోడ కట్టినా, పెళ్లాడినా మనుషులకు నా నీలిమచ్చ కావాలి. ఒకరి మాట ఒకరు నమ్మరు గానీ, నన్ను చదవకుండానే నమ్ముతారు.

ఆ నమ్మకమే కొంప ముంచింది.

చిన్న ఊళ్లన్నిటినీ పట్నం మునిసిపాలిటీలో కలిపేస్తున్నామని ఉత్తర్వు వచ్చింది. డిసెంబరు ఆఖరుకు ముద్రలు అప్పగించాలి. వెంట ఓ కాగితాల కట్ట కూడా వచ్చింది. లాంబ్రోస్ కాఫీ తాగుతూ ఒక్కొక్కటే తిప్పి, నాతో టపటపా కొట్టి పంపేశాడు. వారం తర్వాత నకళ్లు సర్దుతూ ఒక జాబితా దగ్గర ఆగిపోయాడు. ‘పై వాడ: శీతాకాలంలో నివాసులు లేరు.’

నివాసులు లేని చోటికి మంచు తీసే బండి పోదు. పై వాడలో మిగిలింది గొర్రెల కాపరి వాంగెలిస్, అతని భార్య దెస్పినా. ఆమెకు ఏడో నెల.

ఆ మధ్యాహ్నమే ఎక్కాం. జేబులో అతని వేళ్లు నన్ను తిప్పుతూనే ఉన్నాయి.

“తప్పు నాదేనమ్మా. చదవకుండా ముద్ర కొట్టేశాను,” అన్నాడు గడపలోనే.

దెస్పినా పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. “మేం లేమా, లాంబ్రోస్ బాబాయ్? మరి మొన్న నువ్వు పట్టుకెళ్లిన చీజు ఎవరు చేశారనుకున్నావ్?”

“ఇప్పుడవన్నీ ఎందుకే?” అన్నాడు వాంగెలిస్. “బాబాయ్, ఇంకో కాగితం రాసి కొట్టు.”

పై వాడలో ఇద్దరు ఉంటున్నారని రాశాడు. ఈసారి రెండుసార్లు చదివి నన్ను కొట్టాడు.

మర్నాడు పట్నం మునిసిపాలిటీ ఆఫీసులో గుమాస్తావిడ తల ఎత్తలేదు. “జాబితా ఆమోదమైపోయిందండీ. ముద్ర ఇచ్చి వెళ్లండి.”

లాంబ్రోస్ కాగితం మీద నన్ను పెట్టి, నా మీద అరచెయ్యి పెట్టాడు. “ఇస్తే ముద్రా, ఈ కాగితమూ రెండూ ఇస్తాను. ఆ జాబితా మీదా ఇదే ముద్ర. అది చెల్లితే ఇదీ చెల్లాలి. ఇది చెల్లదంటే అదీ చించెయ్యండి.”

వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. ఆమె నిట్టూర్చి, కాగితానికి నంబరు వేసింది. తర్వాత బ్లేడు తీసి నా ముఖం మీద అడ్డంగా రెండు గాట్లు పెట్టింది. పనికిరాని ముద్రకు అదే రూలట.

అప్పట్నుంచి ఆ ఆఫీసులోనే ఇనుప బీరువాలో, మరో పద్నాలుగు ఊళ్ల ముద్రలతో ఉన్నాను. ఫిబ్రవరిలో మూడు రోజులు ఆగకుండా మంచు కురిసింది. బండి ఎక్కిందో లేదో చెప్పేవాళ్లు లేరు. కిటికీ కొట్టుకున్న ప్రతిసారీ నాకు ఆ వాగే గుర్తొచ్చేది.

మార్చిలో ఓ ఉదయం తెలిసిన గొంతు వినబడింది.

“పుట్టుక నమోదు చేయించాలి. ఆడపిల్ల. ఆసుపత్రిలోనే పుట్టింది. మంచు తీసే బండి దారిలో రెండుసార్లు దిగబడింది గానీ, వచ్చింది.”

“నివాసం?”

“మెలిసోరాఖి, పై వాడ.”

“అక్కడెవరైనా ఉంటారా?”

“ఇప్పుడు ముగ్గురం,” అన్నాడు వాంగెలిస్. “రాసుకోండమ్మా.”