దేవుడులాంటి మొగుడు

ఇళ్ళ సామాన్లు తరలించే కంపెనీలో అతన్ని అందరూ జాకీ అంటారు. లారీని పైకెత్తే జాకీ ఉంటుంది కదా, అది. మూడంతస్తుల మెట్ల మీదుగా ఇనప బీరువా దించి, చెమటైనా తుడుచుకోకుండా "ఇంకేముంది?" అని అడిగే మనిషి. అలాంటివాడు మొన్న ఓ మెట్ల మలుపులో ఫ్రిజ్ కింద పెట్టేసి, పొత్తికడుపు పట్టుకుని కూలబడ్డాడు. లారీ డ్రైవరు ఇంటి దగ్గర దింపితే, భార్య ఒక్క మాట వినకుండా, అననివ్వకుండా ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

అక్కడ డాక్టరు పిల్లల సంగతి అడిగితే జవాబు కూడా ఆవిడే చెప్పింది. "లోపం నాది డాక్టరుగారూ. ఈయనకి అప్పట్లోనే పరీక్ష చేశారు. బాగా వచ్చింది."

జాకీ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. డాక్టరు మాత్రం ఆ వీర్యపరీక్ష మళ్ళీ చేయించాడు. ఈసారి డబ్బా చేతికిచ్చి ఆసుపత్రిలోనే ఓ గది చూపించారు. ఇంటి నుంచి తెచ్చే వీల్లేదు.

ఇవాళ ఫలితం చెప్పడానికి పిలిచారు.

"దీన్ని వేరికోసీల్ అంటారు," అన్నాడు డాక్టరు. "వృషణం పైన రక్తనాళాలు ఉబ్బాయి. పైకి పోవాల్సిన రక్తం వెనక్కి జారకుండా వాటిలో చిన్న చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి. అవి సరిగ్గా మూసుకోక రక్తం అక్కడే నిలబడిపోతోంది. సాయంత్రానికి బరువుగా లాగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. అంతేనా?"

జాకీ తలూపాడు.

"అక్కడ వేడి పెరిగి వీర్యకణాలు దెబ్బతింటాయి. ఇది ఉన్న అందరికీ అలా అవదు. మీకు మాత్రం సంఖ్యా తక్కువే, కదలికా తక్కువే. చిన్న ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. చాలామంది అదే రోజు ఇంటికెళ్ళిపోతారు. కొన్ని నెలలకి కణాలు పెరిగే అవకాశం ఉంది." డాక్టరు ఆవిడ వైపు చూసి గొంతు తగ్గించాడు. "పదేళ్ళ కింద వచ్చుంటే ఇంకా ధైర్యంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు మీ వయసు కూడా చూసుకోవాలి కదమ్మా."

బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని రిపోర్టు కాగితం మడుస్తూ విప్పుతూ ఉంది. జాకీ ఆ చేతులకేసే చూస్తున్నాడు. తెలిసిపోయిందేమో అనుకున్నాడు. తీరా ఆవిడ నోరు విప్పి అన్నదేమిటయ్యా అంటే:

"పాపం, మీకూ వచ్చింది చూడండి. వయసులో ఉన్నప్పుడు అంత బాగుండేది. ఆ మంచి రోజులన్నీ నా వల్లే వృథా అయిపోయాయి."

అని అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకునే ధైర్యం కూడా లేకపోయింది మహానుభావుడికి.

మంచి రోజులట! ఆ బరువు అతనికి పెళ్ళినాటికే ఉంది. చేత్తో తడిమితే వానపాముల మూటలా తగిలేది. అదేమిటో ఎవరినీ అడగలేదు. ఎందుకంటే వాళ్ళ నాన్నకి వరిబీజం ఉండేది, వృషణం నీరు పట్టి వాచిపోయింది, వీధి వీధంతా ఆయన్ని బస్తా అని పిలిచేది. ఆయన పోయిన రోజున కూడా ఎవరో "బస్తా పోయాడట" అన్నారు. తనదీ అదే జబ్బనుకున్నాడు. రెండూ వేరని చెప్పడానికి ఏ డాక్టరుకైనా రెండు నిమిషాలు పట్టేది. కానీ జాకీ అనిపించుకున్నవాడు బస్తా అనిపించుకుంటాడా?

అందుకని, అప్పట్లో పరీక్షకి ఇంటి నుంచి డబ్బా తెచ్చివ్వమంటే, తిన్నగా డ్రైవరింటికి వెళ్ళాడు. డ్రైవరుకి అప్పటికే ఇద్దరు పిల్లలు. స్నేహితుడి కోసం ప్రాణమిస్తానని రోజూ అనేవాడు, ఇంతమాత్రం ఇవ్వడా? నవ్వుతూ ఇచ్చాడు. ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది. ఇక డాక్టర్లందరూ ఆవిడ మీద పడ్డారు. మాత్రలు, సూదులు, గర్భనాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రేలు, పొట్టకి గాట్లు పెట్టి ఒకసారి, మళ్ళీ ఒకసారి ఆపరేషన్. ప్రతిసారీ బయట బెంచీ మీద కూర్చుని, ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దామనుకున్నాడు. ప్రతిసారీ ఆవిడకి పళ్ళరసం కొనుక్కొచ్చి ఊరుకున్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే, కాకపోతే గొడ్డలి దెబ్బ పడింది ఆవిడకి.

ఊరు మాత్రం అతన్ని మెచ్చుకుంది. గొడ్రాలిని వదిలెయ్యకుండా చూసుకుంటున్నాడు, దేవుడులాంటి మొగుడని. ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకునేవాడు. అది వినయమనుకుని ఇంకాస్త మెచ్చుకునేవారు.

ఇంటికొచ్చాక ఆవిడ పని ముందేసుకుంది. బట్టల దుకాణానికి చొక్కాలు కుట్టి, కాజాలు వేసి, గుండీలు పెట్టి ఇస్తుంది. సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆపరేషన్ చేయించుకోండి. పిల్లల మాట ఎలా ఉన్నా నొప్పైనా పోతుంది," అంది.

ఇక అతని వల్ల కాలేదు.

"ఆ పరీక్ష నాది కాదు," అన్నాడు.

"ఏ పరీక్ష?"

"బాగా వచ్చిందన్నావే, అది. నాకిది పెళ్ళికి ముందు నుంచే ఉంది. భయపడి వేరేవాళ్ళది తీసుకెళ్ళి ఇచ్చాను."

ఆవిడ చేతిలో సూది ఆగింది. అరుస్తుందనుకున్నాడు, అరవలేదు.

"డ్రైవరన్నయ్యదా?"

"ఊఁ."

ఆవిడ మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. ఆ గుండీ పూర్తిచేసి, దారం పంటితో కొరికి, చొక్కా పక్కన పెట్టింది.

"రెండో ఆపరేషనప్పుడు మిమ్మల్ని ఓ మాట అడిగాను. ఇంకో పెళ్ళి చేసుకోండి, నేను అడ్డం రానని. గుర్తుందా?"

"ఉంది."

"మీరేమన్నారు?"

ఆవిడే చెప్పింది.

"పిల్లల కోసమా నిన్ను చేసుకున్నది అన్నారు. ఆ మాట తలుచుకుని ఇన్నేళ్ళూ బతికాను. ఎవరేమన్నా ఆ ఒక్క మాట చాలనుకున్నాను."

"అది అబద్ధం కాదు," అన్నాడు జాకీ. నిజమే, ఆ ఒక్క ముక్కా అబద్ధం కాదు. కానీ ఇప్పుడెవరు నమ్ముతారు?

"పోయే ముందు మా అమ్మ మిమ్మల్ని దగ్గరికి పిలిచింది," అంది ఆవిడ. "నా కూతుర్ని ఏలుకున్నావు నాయనా అని, మంచం మీంచి లేవలేక, పడుకునే ఉండి మీకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అల్లుడికి. అంత పెద్దావిడ."

ఆవిడ ఇంకో చొక్కా ముందుకు లాక్కుంది.

"మీరు పెట్టించుకున్నారు," అంది.