పుర్రచేతి వంటిల్లు

ఆదివారం లోపల కావలసిన పనులు ఇవి. వంటగట్టు రాతి అంచులు చేతికి గీసుకోకుండా నునుపు చేయించాలి. పొడవాటి అలమరకు పిడులు బిగించాలి. గోడలోకి మడిచే మంచం కిర్రుమంటోంది, ఆ చప్పుడు పోగొట్టాలి. బట్టలు కత్తిరించే బల్ల మీది దీపం ఇంకొంచెం కుడికి జరపాలి. కిటికీ అద్దాల మీది రంగు చుక్కలు గీకాలి. అన్నయ్య పనిముట్ల పెట్టె సోఫా కిందనుంచి తీయించాలి, ఎన్నిసార్లు తీసినా అది మళ్లీ అక్కడికే చేరుతుంది. అన్నిటికన్నా కష్టమైనది చివర రాసుకున్నాను: ఆ రోజు వదిన ఇంట్లో ఉండేలా ఒప్పించాలి.

ఆ ఇల్లు మాదే. అన్నయ్య, వదిన కలిసి కొనుక్కున్న రెండు గదుల ఫ్లాటు. లోపలి అలమరలు, మంచాలు, వంటగది గీసింది నేను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. అందుకని అన్నయ్య నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి చాలా కాలమైంది. "ఏమే డిగ్రీ, టీ పెట్టావా?" అని మెట్ల దగ్గరనుంచే వాటా వాటాకీ వినిపించేలా అరుస్తాడు. అన్నయ్యది సామాన్లు మోసే వ్యాను, వదినది కుట్టు మిషను. నా చదువు ఆ రెండిటి మీదే నడిచింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

ఇళ్ల లోపలి పనులు చేసే కంపెనీలో నా ఉద్యోగం. చేరినప్పటినుంచి ఇతరులు గీసిన బొమ్మలకు కొలతలు వేయడమే నా వంతు. మా ఇంటి సంగతి తెలిశాక కంపెనీ యజమాని, మేము మేడమ్ అంటాం, ఒక మాట అన్నారు: "చెక్క, పనివాళ్లు నా వైపునుంచి తక్కువలో ఇస్తాను. నువ్వే గీయి. పూర్తయ్యాక ఒక ఆదివారం, కొత్తగా ఇళ్లు చేయించుకునేవాళ్లను తీసుకొచ్చి చూపిస్తాను. వాళ్లకు నచ్చితే ఇకమీదట నీకు సొంతంగా ఇళ్లు అప్పజెబుతాను. నచ్చకపోతే మళ్లీ నీ కొలతల బల్లే నీకు."

ఆ రోజు నేను గాల్లో తేలుతూ ఇంటికి వచ్చాను. అప్పటికి ఇంకా పాత అద్దె ఇంట్లోనే ఉంటున్నాం. వంటగది గుమ్మంలో నిలబడి వదినకు ఈ సంగతి చెబుతుండగా నా కళ్లు గోడ మీద పడ్డాయి. ఆ వంటగదిలో స్టవ్ ఎడమ మూలకు ఒదిగి ఉండేది. దాని పక్క గోడ మీద, సరిగ్గా వదిన మోచెయ్యి ఎత్తున, అరచేయంత మేర సున్నం రాలిపోయి, నూనె పట్టి నున్నగా మెరుస్తోంది. ఎన్నేళ్లుగానో రోజూ చూస్తున్న మరకే. అదేమిటో మాత్రం ఆ రోజే అర్థమైంది.

వదినది పుర్రచెయ్యి. గరిటె తిప్పినప్పుడల్లా ఆ మోచెయ్యి పోయి గోడకు రాసుకునేది. చిన్నప్పుడు బళ్లో టీచరు ఆ చేతికి గుడ్డ చుట్టి, పలక కుడిచేతికి ఇచ్చిందట. అప్పటినుంచి వదినకు ఒక పద్ధతి అలవాటైంది. నలుగురి ముందు కుడిచెయ్యి, తలుపు మూశాక ఎడమచెయ్యి. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లకు కూడా కుడిచేత్తోనే టేపు పట్టేది. వాళ్లు వెళ్లాక గుడ్డ మాత్రం ఎడమచేత్తో కత్తిరించేది, గీత మీద దారప్పోగంతైనా తప్పకుండా.

"వదినా, కాసేపు ఇలా నిలబడు. వంట చేస్తున్నట్టు చెయ్యి" అన్నాను టేపు తీసి.

"ఉత్త గాలిలోనా?"

"గాలిలోనే. నువ్వు తిప్పుతుంటే నేను కొలుస్తాను."

వదిన సిగ్గుపడుతూనే గాలిలో ఉల్లిపాయ కోసింది, గాలిలో పోపు వేసింది. అన్నయ్య గుమ్మంలోనుంచి వేలు ముంచినట్టు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. "ఉప్పు కాస్త ఎక్కువైందే" అన్నాడు. వదిన గాలి గరిటె వదిలేసి, నిజం గరిటె తీసుకుంది. అన్నయ్య పరారు.

ఆ కొలతలతోనే కొత్త వంటగది గీశాను. స్టవ్ ఎడమ గోడకు దూరంగా. కూరగాయలు కోసుకునే పలక స్టవ్‌కు కుడిపక్కన, లాగితే బయటికి వచ్చేలా. గరిటెల సొరుగులు ఎడమ తుంటి దగ్గర. అలమర తలుపులన్నీ కుడివైపుకు తెరుచుకోవాలి, అప్పుడు ఎడమచెయ్యి అడ్డు లేకుండా లోపలికి పోతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, అందరి వంటగదినీ అద్దంలో చూస్తే ఎలా ఉంటుందో అలా.

వదినకు బొమ్మ నచ్చింది. ఎంతసేపో చూసుకుంది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నాకో మాటివ్వు మరదలు పిల్లా. ఇలా ఎందుకు చేశావో వచ్చినవాళ్లెవరికీ చెప్పకు. నా పుర్రచెయ్యి సంగతి ఊరంతా చాటక్కర్లేదు" అంది. సరేనన్నాను.

రాతిగట్టు ముందు వచ్చింది. స్టవ్ కోసం రాతిని తొలిపించడం నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఆదివారానికి ముందు, ఆ వారం మొదట్లో, వర్క్‌షాపునుంచి గట్టు కింది పెట్టెలు, పై అలమరలు అన్నయ్య వ్యానులోనే దిగాయి. వాటితోపాటు మేస్త్రి కూడా దిగాడు. మా కంపెనీ పనులన్నిటికీ పెద్ద మేస్త్రి ఆయన, అందరికీ బాబాయ్. పెట్టెలు ఒక్కొక్కటే లోపలికి తోస్తుంటే నా బొమ్మతో పోల్చి చూశాను. గరిటెల సొరుగులు పోయి పోయి స్టవ్ రంధ్రం కింద కూర్చున్నాయి. అలమర తలుపులన్నీ ఎడమవైపుకు తెరుచుకుంటున్నాయి.

"బాబాయ్, ఇదేంటి? అంతా అటుదిటు అయింది!"

మేస్త్రి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ముసిముసిగా నవ్వాడు. "నువ్వేం కంగారుపడకు పాపా. నువ్వు పంపిన బొమ్మ తిరగబడి ప్రింటైంది. మేడమ్ చూస్తే చీవాట్లు పెడతారని చడీచప్పుడు కాకుండా నేనే సరిచేశాను. మూడో కంటికి తెలీదు."

"తిరగబడితే అక్షరాలు కూడా తిరగబడాలి కదా బాబాయ్!"

"అక్షరాలెవరు చూస్తారమ్మా? మేం గీతలు చూస్తాం."

ఆయన మీద కోప్పడటానికి నోరు రాలేదు. నన్ను కాపాడానన్న సంతోషంలో ఉన్నాడు మనిషి. కబురు తెలిసి మేడమ్ వచ్చారు. చూశారు. రెండే దారులున్నాయన్నారు. "రాతిగట్టు మార్చేయడం ఒక్క రోజు పని. పెట్టెలు మార్చాలంటే రోజులు పడుతుంది, ఆదివారానికి అందుతుందో లేదో తెలీదు. రాయి మార్చేద్దాం. ఎలాగూ చూడ్డానికొచ్చే వాళ్లకు అలవాటైన వంటగది ఇదే."

వదిన వెంటనే తలూపింది. "మేడమ్ చెప్పిందే నయం. నాకోసం ఇంత రాద్ధాంతం దేనికి? నాకు అలవాటే."

ఆ 'అలవాటే' అన్న మాట నా చెవిలో ముల్లులా దిగింది. పాత ఇంటి గోడ మీది మరక కళ్ల ముందుకొచ్చింది.

"అలవాటు పడింది చాలు వదినా" అన్నాను. మేడమ్ వైపు తిరిగి, నాకు చేతనైనంత నెమ్మదిగా చెప్పాను: "రాయి మారిస్తే ఇల్లు అందంగానే ఉంటుంది మేడమ్. కానీ అది ఎవరి ఇల్లయినా కావచ్చు. నేను గీసింది ఈవిడకి. అలాగే నిలబెట్టనివ్వండి. ఆదివారం ఎవరికీ నచ్చకపోతే మీరు చెప్పక్కర్లేదు, కొలతల బల్ల దగ్గరికి నేనే వచ్చి కూర్చుంటాను."

మేడమ్ బొమ్మ మడిచి నా చేతికిచ్చారు. "నీ ఇష్టం. ఆదివారం మాత్రం కదలదు" అని వెళ్లిపోయారు.

మేస్త్రికి మాత్రం సంగతి ఇంకా మింగుడు పడలేదు. ఆయనకు ఎలాగూ తెలిసిపోయిందని వదిన దాచకుండా ఎడమచేత్తో గుడ్డ కత్తిరిస్తుంటే పక్కనే నిలబడి చూశాడు. తర్వాత తన పెన్సిలు ఎడమచేత్తో పట్టుకుని చెక్క మీద ఒక గీత గీయబోయాడు. గీత పాములా మెలికలు తిరిగింది. "అబ్బో! ఇది నా చెయ్యి కాదు" అన్నాడు, పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ. "ఇన్నేళ్లూ ఈవిడ పరాయి చేత్తో నెట్టుకొచ్చిందన్నమాట."

"తలుపుల్ని తలకిందులు చేసి బిగిస్తే కుదరదా బాబాయ్?" అని అడిగాను.

"పిడి పైకి పోతుంది పాపా. మీ వదినేమో బారెడు మనిషి కాదాయె. కొత్తవి కోస్తాను." అన్నయ్య పెట్టెలన్నీ మళ్లీ వ్యానెక్కించాడు. "మా డిగ్రీ గీసింది తిరుగులేనిదిరా నాయనా, రెండుసార్లు తిరిగితే గానీ కుదరదు" అని దారిపొడవునా మేస్త్రిని నవ్విస్తూ తీసుకెళ్లాడు.

కొత్త పెట్టెలు శనివారం సాయంత్రానికి వచ్చాయి. అన్నీ బిగించాక సొరుగును ఒక్క వేలితో తోశాను. చప్పుడు లేకుండా వెళ్లి, చివర కొంచెం ఆగి, తనంతట తానే మూసుకుంది.

ఆదివారం మేడమ్ వెంట చాలామందే వచ్చారు. మంచం గోడలోకి వెళ్లిపోతే చప్పట్లు కొట్టారు. కత్తిరించే బల్ల మడతలు విప్పి చూశారు. వదిన ఇంట్లో ఉండటానికైతే ఒప్పుకుంది గానీ, లోపలి గదిలో బట్టల మడతల వెనక దాక్కుంది. అందరూ వంటగదికి వచ్చారు. రిటైరైన ఒక పెద్దాయన అలమర తెరవబోయి తలుపును ముక్కుకు కొట్టుకున్నాడు. సొరుగు కోసం అటు వెతికి, ఇటు వెతికి, చివరకు నవ్వాడు.

"ఇదేంటమ్మా, అన్నీ తిరగేసి పెట్టారు? గీసినవాళ్లెవరు?"

"నేనేనండి."

"డ్రాయింగు తిరగేసి పట్టుకున్నావా ఏంటి?"

అందరూ నవ్వారు. మేడమ్ నావైపు చూశారు, చెప్పు అన్నట్టు. వదినకు మాటిచ్చాను, చెప్పడానికి లేదు. "అలా గీయాలనే గీశానండి" అని మాత్రం అన్నాను.

"ఎందుకో చెప్పలేకపోతే ఎలా? చదువు కాగితాల మీద ఉంటే చాలదమ్మా, పని రావాలి" అన్నాడాయన. తిట్టినట్టు కూడా కాదు, జాలిపడినట్టు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. వదిన వచ్చింది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"మా పిల్లకు పని రాదని ఎవరన్నారు?" అంది. ఎవరి జవాబుకోసమూ ఆగలేదు. కొంగు బిగించింది. పలక లాగింది. ఎడమచేత్తో కత్తి తీసి, ఉల్లిపాయను కళ్లు మూసి తెరిచేంతలో సన్నగా తరిగింది. చూడకుండానే తుంటి దగ్గర సొరుగు లాగి గరిటె అందుకుంది. అలమర తలుపు కుడికి తోసి, ఎడమచేత్తో డబ్బా దించింది. ఒక్క అడుగు అటు వేయలేదు, ఒక్క అడుగు ఇటు వేయలేదు. మోచెయ్యి మాత్రం గాలిలో విశాలంగా, హాయిగా తిరుగుతోంది.

"నాది పుర్రచెయ్యండి. ఎవరికీ చెప్పొద్దని దీనితో ఒట్టు వేయించుకున్నాను, అందుకే నోరు విప్పలేదు. ఇల్లు నాది, చెయ్యి నాది. జాకెట్టు ఎవరి కొలతకు వాళ్లు కుట్టించుకోరూ? ఈ వంటిల్లు మా మరదలు నా కొలతకు కుట్టింది."

"గరిటె విసిరితే ఆ చేతి గురి ఎలా ఉంటుందో నా చెవినడగండి" అన్నాడు అన్నయ్య వెనకనుంచి.

నవ్వులు ఆగకముందే, పెద్దాయన భార్య ముందుకొచ్చింది. అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని మనిషి. "ఏదమ్మా, నన్నోసారి నిలబడనీ" అని వదిన చేతిలోని కత్తి తీసుకుంది. ఎడమచేత్తో. మిగిలిన సగం ఉల్లిపాయ తరిగింది. సొరుగు ఆమె చేతికి కూడా చూడకుండానే దొరికింది.

పెద్దాయన నోరు తెరిచాడు. "నీది ఎడంచేతి వాటమా? ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదే!"

"మీరు ఎప్పుడైనా వంటింట్లోకి తొంగిచూస్తే కదా తెలిసేది" అందామె, కత్తి పక్కన పెడుతూ. నావైపు తిరిగి, "మా ఇంటికి ఎప్పుడొస్తావమ్మాయ్?" అని అడిగింది.

మేడమ్ పొగడలేదు, ఆవిడకు ఆ అలవాటు లేదు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "కొలతల బల్ల ఇంకెవరికైనా ఇచ్చేస్తున్నాను" అన్నారు. నేను మెట్ల దాకా సాగనంపి, పైకి వచ్చి, స్నానాల గదిలో కొళాయి తిప్పి కాసేపు ఏడ్చాను. సంతోషంతోనే.

ఆ పెద్దామె ఇల్లే నేను సొంతంగా చేసిన మొదటి ఇల్లు. మేస్త్రి ఇప్పుడు ఏ బొమ్మ వచ్చినా ముందు అక్షరాలు చూస్తాడు, తర్వాతే గీతలు. నేను ఎవరింటికి వెళ్లినా టేపు తీయకముందే, "మీ ఇంట్లో ఎవరిది ఏ చెయ్యి?" అని అడుగుతాను. చాలామంది నవ్వేస్తారు. కొందరు మాత్రం అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెబుతారు. వాళ్లకు నేను వదిన కథ చెబుతాను. చెప్పమని ఇప్పుడు వదినే పోరుతుంది.

మా కొత్త వంటగది గోడ మీద ఇప్పటిదాకా ఏ మరకా పడలేదు. ఎప్పుడైనా పని ముగించి ఇంటికి వచ్చి, ఆ తెల్లగోడను ఊరికే చూస్తూ నిలబడతాను. నా డిగ్రీ పట్టాను అన్నయ్య పటం కట్టించి హాల్లో వేలాడదీశాడు గానీ, నాకు అసలు పట్టా ఆ గోడే.

మీరు రేపు పొద్దున మీ ఇంట్లో అలమర తెరిచినప్పుడు, తలుపు అడ్డు తగలకుండా చెయ్యి నేరుగా లోపలికి వెళ్తే, ఆ అలమర మీ చేతికోసం పుట్టిందని గుర్తుపెట్టుకోండి. ఆ భాగ్యం ఇన్నేళ్లూ లేకపోయినా, అంత సున్నితంగా గుడ్డ కత్తిరించిన మా వదినను ఒక్కసారి తలుచుకోండి.