విశాఖ మాట, ఆకివీడు కాగితం

నేను ఒక ప్రింటర్‌ని. రిబ్బన్‌ని సూదులతో పొడుస్తూ కర్రుకర్రుమని అరిచే పాతకాలపు రకం. కుదురుగా ఉండటం నా వల్ల కాదు. బస్టాండులో రిజర్వేషన్ టికెట్లు కొట్టీ కొట్టీ, చివరికి ఆకివీడులో రొయ్యల కంపెనీ గేటు గదిలో పడ్డాను.

ఇక్కడ కంప్యూటర్ ఉందన్న మాటేగానీ, అసలు పనంతా విశాఖ హెడ్డాఫీసు యంత్రానిదే. గుమాస్తా సూరపరాజు ఇక్కడ నల్లతెర మీద కమాండు కొడితే అది అక్కడ నడిచి, గేటు పాసు నా నోట్లోంచి వస్తుంది. పక్క గదిలో మనిషిని పిలవడానికి బద్ధకించే వీళ్ళకి అంత దూరం యంత్రాన్ని ఆడించడమంటే మహా సరదా.

ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. రొయ్యల చెరువు రైతు గుత్తుల మంగాయమ్మ సరుకు లారీలో ఉంది. కిందటిసారి తెగులొచ్చి పంటంతా పోయింది. ఈసారి సరుకు కాకినాడ ప్లాంటుకు తాజాగా చేరకపోతే చెరువు వదులుకోవాల్సిందే. లారీ కింద ఐసు నీళ్ళు కారుతున్నాయి. పాసు చేతిలో పడందే వాచ్‌మన్ అప్పలస్వామి గేటు తీయడు.

సూరపరాజు మీట నొక్కాడు. నా దాకా ఏమీ రాలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. సూదులకు ఒకటే దురద, కానీ కబురు రాందే నేనేం పొడవను?

“ముసలి పీనుగ! ఎప్పుడూ ఇంతేనండి,” అని నా నెత్తిన ఒక్కటిచ్చాడు. ఛీ, తప్పు నాదా?

మంగాయమ్మ నా ముందు నిలబడింది. “నీకు దణ్ణం పెడతానే తల్లీ, ఒక్క కాగితం ఇయ్యవే,” అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సూరపరాజు విశాఖకు ఫోన్ చేశాడు. అక్కడ కంప్యూటర్లు చూసే ప్రసన్నకుమార్, పొద్దున ఏదో సరిచూడ్డానికి మా ప్రింట్లను తన ప్రింటర్ వైపు తిప్పుకుని, తిరిగి మార్చడం మరిచాడట.

“అయ్యబాబోయ్! మీ పాసులన్నీ ఇక్కడ నేల మీదున్నాయండి! అన్నీ అటే తోసేస్తున్నా!”

తోశాడు మహానుభావుడు. ఒకే పాసు మళ్ళీ మళ్ళీ కొట్టి నా తల వాచిపోయింది.

అప్పలస్వామి ఆ కట్ట చూసి అడ్డంగా నిలబడ్డాడు. “ఒక్క లారీకి ఇన్ని పాసులేటండీ? ఏది నమ్మమంటారు?”

మంగాయమ్మ ఒకటి తీసి అతని జేబులో కుక్కింది, మిగతావి పరపరా చింపేసింది. “ఇదిగో, ఇది నమ్ము!” అంటూ తనే గడియ లాగింది. లారీ కదిలింది.

మర్నాడు ఆమె నవ్వుతూ వచ్చింది. కాకినాడలో సరుకు తీసుకున్నారట. కుంకుమ భరిణె తెచ్చి నాకు బొట్టు పెట్టింది.

ఇప్పుడు పాత సామాన్ల గదిలో, తీగ తెగి పడున్నాను. ఎక్కడ ఎవరు మీట నొక్కుతున్నారో, ఏ లారీ ఆగిపోయిందో అని నాకు నిద్ర పట్టదు. ఆ బొట్టు మాత్రం చెరగలేదు. సూరపరాజు కొట్టిన చోటే ఉంది.