ఆరు గుర్రాలు

నా కూతురు తులసి పెళ్ళి ముంచుకొస్తుంటే నా తమ్ముళ్ళిద్దరూ మాటలు మానేశారు. కారణం వింటే మీరు నవ్వుతారు. నేను మాత్రం వాళ్ళమీదికి చీపురు తీశాను.

అమలాపురంలో వాళ్ళది మోటారు రిపేరు షెడ్డు. తులసిని అత్తారింటికి పంపడానికని ఒక పాత కారు కొని బాగుచేశారు. మోటారు బలాన్ని గుర్రాల లెక్కన చెబుతారట. పెద్దవాడు మాణిక్యాలరావు, ఇంజను ఇంకా కారులో బిగించకముందే దాని చక్రానికి తాడు చుట్టి, కాటా తగిలించి కొలిచాడు. ఇరవై నాలుగు గుర్రాలన్నాడు. చిన్నవాడు సూర్యప్రకాశరావు కారంతా బిగించాక, వెనక చక్రాలు జాకీమీద లేపి, అక్కడ తాడు చుట్టి కొలిచాడు. పద్దెనిమిదే వచ్చాయి.

"బిగించడం చేతకాక ఆరు గుర్రాల్ని మింగేసేవు" అన్నాడు పెద్దవాడు.

"నీ తాడు అబద్ధమాడితే నన్నంటావేంటి అన్నయ్యా?" అన్నాడు చిన్నవాడు.

అంతే! చిన్నవాడు అన్నగారి గుర్రాలు అమ్ముకున్నాడని ఊరంతా పాకింది. పక్కింటి పాపాయమ్మత్తయితే ఇంటికొచ్చి మరీ, "ఇన్నాళ్ళూ వాటిని ఎక్కడ కట్టేసేరే అమ్మా?" అని అడిగింది. నా ఖర్మ కాకపోతే!

నా భయం వేరు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోయాల్సింది మేనమామలిద్దరే. ఒకడు పట్టుకుంటే రెండోవాడు రానంటాడేమో!

ముహూర్తానికి ఇద్దరూ వచ్చారు, మొహాలు చెరోవైపు తిప్పుకుని. కొబ్బరిబొండాం పట్టుకుని తులసి బుట్టలో కూర్చుంది. గదిలో దూదిలా ఎత్తేశారు. ఇక చూడండి: గుమ్మం అడ్డం, వసారాలో వదినలూ మరదళ్ళూ బుట్ట పట్టుకు లాగడం, మెట్ల దగ్గర పిల్లల తొక్కిడి. పీటల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ ఆయాసం, బుట్ట అడుగు నేలకి రాసుకుంటోంది.

నాకు ఒళ్ళు మండింది. "ఏరా, గదిలో ఉన్న బలం ఇక్కడికొచ్చేసరికి ఏమైంది? మీ ఇద్దర్లో ఎవడు మింగేడు?"

"ఎవడూ మింగలేదక్కా, దారి తినేసింది" అన్నాడు పెద్దవాడు రొప్పుతూ. అనేసి నోరు తెరుచుకుని తమ్ముడి వంక చూశాడు.

"గేర్లూ, ఇరుసూనా అన్నయ్యా?"

"ఆయ్! ఇంజను నించి చక్రాల దాకా దారిలో అవే తినేసేయిరా. నా లెక్కా సరే, నీ లెక్కా సరే. కోపంలో బుర్ర పనిచెయ్యలేదు. ఇలా రారా!"

ఇద్దరూ కావలించుకోడానికి చేతులు చాచబోయారు.

"ముందు నన్ను దింపండి మావయ్యా!" అని బుట్టలోంచి తులసి కేకేసింది. సన్నాయి ఊదేవాడు నవ్వాపుకోలేక రాగం వదిలేశాడు. నేను నవ్వుతూనే ఏడ్చేశాను.