చప్పట్లకు వెలిగిన ఇల్లు

నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి, నోట్లో టేపు ముక్క కరుచుకుని, ఆరిపోయిన సీరియల్ సెట్టులో చచ్చిన బల్బు ఎక్కడుందో వేలితో తడుముతున్నాడు వీరప్ప. నారాయణఖేడ్ బస్ డిపో దగ్గరి దుర్గమ్మ మండపం అది. కింద నిచ్చెన పట్టుకుంటానన్న టెంట్‌హౌస్ ఓనరు దత్తు ఎప్పుడో వదిలేసి ఫోనులో మునిగిపోయాడు. వీరప్ప పట్టించుకోలేదు. ఎవరూ పట్టుకోని నిచ్చెనల మీదే అతని సగం జీవితం గడిచింది.

బక్కపలచని మనిషి. ఎండకు మాడిన మెడ, మోచేతుల దాకా మడిచిన చొక్కా, కరెంటు చురకలు తిని తిని మొద్దుబారిన బొటనవేలు. పెళ్లిళ్లకూ జాతరలకూ ఊరంతా జిగేలుమనిపించాడు గానీ పేరు పెట్టి పిలిచిన వాళ్లు తక్కువ. "ఏయ్ లైటింగూ" అంటే పలికేవాడు, పాపం.

"ఇయ్యాల జల్దీ పోతనంటున్నవ్, ఏంది కథ?" అన్నాడు దత్తు, ఫోను జేబులో వేసుకుంటూ.

"సద్దుల బతుకమ్మ గద సేటూ. ఇంటికాడ లైట్లు పెట్టిన. పాట ఎట్లుంటే గట్ల వెలుగుతయ్."

"నీ ఇంటికాడనా?" దత్తు పకపకా నవ్వాడు. "ఇన్నేండ్లకు బుద్ధి పుట్టిందా?"

వీరప్ప కూడా నవ్వి, ఎడమ జబ్బ రుద్దుకుంటూ దిగాడు. పొద్దుటి నుంచీ గుంజుతూనే ఉంది. నిచ్చెన మోసినందుకేలే అనుకున్నాడు. ఒంట్లో ఎక్కడ నొప్పి పెట్టినా తప్పంతా నిచ్చెన మీదికి నెట్టేయడం అతనికి అలవాటు.

బుద్ధి పుట్టడం కాదు, అంతా అమృతమ్మ కోసం. ఒకప్పుడు వాళ్ల వాడలో బతుకమ్మ పాట ఎత్తుకునేది అతని భార్యే. గొంతు విప్పిందంటే అవతలి సందులో వాళ్లు కూడా చేతిలో పని ఆపేవారు. తర్వాత ఒక మాయదారి జ్వరం వచ్చి, ప్రాణం వదిలిపెట్టి చెవులు పట్టుకుపోయింది. బీదర్ దాకా తిప్పినా లాభం లేకపోయింది. ఆ మరుసటి పండుగకు పంతం పట్టి వరుసలో నిలబడింది. అందరూ వంగితే ఆమె లేచింది. అందరి చప్పట్లూ అయిపోయాక ఆమె ఒక్కదాని చప్పట్లు మోగాయి. ఎవరో కిసుక్కుమన్నారు. చెవులు పోతేనేం, నవ్వు కళ్లకు కనిపించదూ! అప్పటి నుంచీ ఏటా తంగేడు, గునుగు, బంతి పేర్చి నిండు బతుకమ్మను చేస్తుంది. చేసి, పక్కింటి సంధ్యారాణి చేతిలో పెట్టి, తను గడప దగ్గరే నిలబడిపోతుంది. అది చూసినప్పుడల్లా వీరప్ప తల తిప్పుకునేవాడు. ఈ ఏడు ఆమెను ఎట్లాగైనా ఆ వరుసలో నిలబెట్టాలి, నలుగురితో పాటు ఆడించాలి. అదొక్కటే అతని కోరిక.

అందుకే పట్నం పోయి ఒక పెట్టె తెచ్చాడు. మోత మోగితే చాలు, దాని వెంట దీపాలు వెలిగి ఆరుతాయి. చూరుకూ గోడలకూ బల్బుల తీగలు చుట్టాడు. నిన్న సాయంత్రం మండపాల్లో వేసే డీజే పాట పెట్టి చూస్తే, అబ్బబ్బ, డోలు దెబ్బ దెబ్బకూ ఇల్లు ఎగిరెగిరి పడింది! అమృతమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "ఏందయ్యో, గోడలు ఆడుతున్నయ్!" అని వాడంతా వినేట్టు అరిచింది. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు కదా.

చీకటి పడుతుండగా ఆడవాళ్లు బతుకమ్మలను తెచ్చి వీరప్ప ఇంటి వాకిట్లో దించారు. వీరప్ప అరుగు మీద పెట్టె ముందు కూర్చుని సైగ చేశాడు, వెలిగినప్పుడు చప్పట్లు కొట్టమని. అమృతమ్మ కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఎన్నేళ్లకో, గడప దిగి వరుసలో నిలబడింది. సంధ్యారాణి పాట ఎత్తుకుంది.

దీపాలకు పిచ్చి పట్టింది. రోడ్డు మీది ఆటో హారన్‌కు వెలిగాయి, కుక్క అరిస్తే వెలిగాయి, ముసలి లింగమ్మ దగ్గితే వెలిగాయి. చప్పట్లకు మాత్రం వెలగలేదు. ఆ పెట్టెకు అందేది డోలు లాంటి బరువు మోతే; బతుకమ్మకు డోలెక్కడిది? ఉత్త గొంతులు, అరచేతులు. ఎప్పుడూ మండపాల్లో బతికినవాడు, ఇంటి పండుగకూ మండపం పాటే పెట్టి చూసుకున్నాడు. అమృతమ్మ హారన్‌కు చప్పట్లు కొట్టింది, ముందున్న మనిషికి గుద్దుకుంది. చేతులు దించేసి, ఎవరి ముఖమూ చూడకుండా గడప వైపు మళ్లింది.

వీరప్పకు ఏడుపొచ్చింది. పెట్టెను ఒక్క తోపు తోశాడు. లేచి, తలుపు పక్కనున్న కాలింగ్‌బెల్ స్విచ్‌ను గోడలోంచి పీకి, దాని వైరుకు బల్బుల తీగ కలిపి, టేపు చుట్టాడు. నొక్కితే వెలుగు, వదిలితే చీకటి. "ఆపకుండ్రి సంధ్యా, పాడుండ్రి!" అని కేకేసి, భార్య చెయ్యి పట్టుకుని తెచ్చి మళ్లీ వరుసలో నిలబెట్టాడు.

ఆడవాళ్లు వంగారు, లేచారు. అరచేతులు కలిసేసరికి వీరప్ప బొటనవేలు దిగింది. ఇల్లంతా భగ్గుమంది. వేలు లేచింది, చీకటి. మళ్లీ చప్పట్లు, మళ్లీ వెలుగు. అమృతమ్మ చేతులు తడబడ్డాయి, మెల్లగా అందుకున్నాయి, ఆ తర్వాత ఏ చప్పట్లు ఎవరివో తెలియకుండా కలిసిపోయాయి.

సంధ్యారాణి ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట అమృతమ్మ పాట ఎత్తుకుంది. ఎవరూ అనుకోలేదు. శ్రుతి కాస్త పక్కకు జరిగింది, జరిగితే జరగనీ! ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అందరూ ఆమె వెనకే పలికారు. దీపాలు వెలిగినప్పుడల్లా పూలు, గాజులు, తడిసిన చెంపలు కనిపించి మాయమయ్యాయి. ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లను వెలిగించినా ఇంత వెలుగు వీరప్ప ఎన్నడూ చూడలేదు. నా వేలు కిందనా ఇదంతా, అనుకున్నాడు. జబ్బ నొప్పి ఛాతీలోకి దిగింది. వేలు మాత్రం ఆపలేదు.

బతుకమ్మలను నెత్తికెత్తుకుని అందరూ చెరువుకు బయల్దేరారు. "నువ్వు రావా?" అంది అమృతమ్మ. "నువ్వు పో, నేనీడనే ఉంట" అని సైగ చేశాడు. వాళ్లు పాడుకుంటూ సందులో నడుస్తుంటే అతను నొక్కుతూనే ఉన్నాడు. మలుపు దగ్గర ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఇల్లు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది.

తిరిగొచ్చేసరికి ఇల్లు ఆరకుండా నిలకడగా వెలుగుతోంది. "సూడు సంధ్యా, చీకట్ల వస్తనని ఆర్పకుంట పెట్టిండు" అంది అమృతమ్మ, గర్వంగా.

వీరప్ప గోడకు ఆనుకుని ఉన్నాడు. తల ఒక పక్కకు వాలింది. అరచెయ్యి అరుగు మీది స్విచ్‌ను నొక్కుతూ బరువుగా పడి ఉంది. అలసిపోయి కునుకు తీస్తున్నాడనుకుని ఆమె పక్కన కూర్చుంది.

"ఏందయ్యో, చెరువు కాడ గూడ పాట నేనే ఎత్తుకున్న. లైటు లేకున్నా చప్పట్లు తప్పలే. లే, మలీద తిను."

అంటూనే అతని చెయ్యెత్తి, మోదుగాకులో తెచ్చిన రొట్టె బెల్లాల ప్రసాదం అరచేతిలో పెట్టింది. చెయ్యి లేవగానే ఇల్లంతా చీకటైంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. సంధ్యారాణి వేసిన కేక అమృతమ్మకు వినిపించలేదు. వీధి దీపం మసక వెలుగులో, అతని అరచేతిలో, మోదుగాకు మీద మలీద ముద్ద అలాగే ఉంది.