మురంబివా రాగులు

ఆడమనిషంటే బబూన్లకి బొత్తిగా లెక్కలేదు. ముచనెత చేను గట్టు మీద నిలబడి గొంతు చించుకున్నా, రాళ్ళు విసిరినా, రేకుడబ్బా వాయించినా, ఆ ముదనష్టపు కోతులు ఒక్కసారి తలెత్తి చూసేవి. ఓహో, ఇదా అనుకుని మళ్ళీ రాగి వెన్నులు దూసుకోవడంలో పడేవి. అదే మగవాడు కోటు తొడుక్కుని గట్టెక్కితే చాలు, చేతిలో కర్ర లేకపోయినా సరే, పక్క చేలోంచి కూడా లగెత్తుతాయి. వాటికెవరు నేర్పారో గానీ, బుహేరా పల్లెల్లో ఆడవాళ్ళకి ఈ అవమానం రోజూ ఉండేదే.

ముచనెత మొగుడు మురంబివా బతికున్నన్నాళ్ళూ డొంబొ కొండ కోతులు ఈ చేను వైపు కన్నెత్తి చూడలేదు. బబూన్ల వేటలో చెయ్యి తిరిగినవాడు. మూడు కుక్కలు, ఒక ఈటె, ఒక కొమ్ముబూర, అదీ అతని ఆస్తి. పోయిన వానాకాలంలో ఛాతీ జబ్బు పట్టుకుని పోయాడు.

ఏడాది తిరిగింది. ఇక బీరు కాచాలి. అతని సమాధి మీద ఆ బీరు పోసి, పేరు పెట్టి పిలిచి, ఇంట్లోకి తెచ్చుకోవాలి. అది జరిగేదాకా పోయినవాడు ఇటూ కాదు, అటూ కాదు. కొండల్లో, పొదల్లో, చలిలో తిరుగుతూనే ఉంటాడు. బీరుకి రాగులు కావాలి. అవి అతని నేలలో పండినవే అయ్యుండాలని వాళ్ళ వంశంలో పట్టింపు. కోతకి ఇంకా పదిరోజులుంది. చేను సగానికి సగం అప్పుడే కోతుల పొట్టలోకి పోయింది.

ఇంట్లో మురంబివా తల్లి ఉంది. కళ్ళు సరిగ్గా ఆనవు గానీ చెవులు మాత్రం పాము చెవులు. రోజూ సాయంత్రం అదే ప్రశ్న.

"పిల్లా, చేను ఎంత మిగిలిందే?"

"చాలా ఉందత్తా."

"నేను పోయేలోగా వాణ్ణి ఇంట్లో పెట్టండే. కన్నకొడుకు బయట తిరుగుతుంటే నాకు ముద్ద దిగడం లేదు."

ముచనెతకి మాత్రం దిగుతోందా! కలలో అతను వాకిటి అంచున నిలబడి ఉంటాడు. లోపలికి రమ్మంటే రాడు. పిలవాల్సినట్టు పిలిస్తేనే కదా వచ్చేది! ఆమె లేచి కూర్చుని ఏడ్చుకునేది.

చివరికి బావగారి గడప తొక్కింది. తవెంగ్వా మురంబివాకి అన్న. అన్నదమ్ములకి గట్టు తగాదా ఉండేది. అన్నని ఎదురుగా తిట్టడం ఆ ఊళ్ళో మర్యాద కాదు గనక, మురంబివా తన కుక్కలకి పేర్లు పెట్టుకున్నాడు. ఒకదాని పేరు 'మీకెందుకు'. ఇంకోదాని పేరు 'సిగ్గుందా'. మూడోది 'నవ్వుకోండి'. రోజూ పొద్దున్నే అన్న వాకిలి వైపు తిరిగి, "ఓయ్ సిగ్గుందా! ఎక్కడ చచ్చావ్?" అని కేకేసేవాడు. కుక్కని పిలుస్తున్నాడు, ఎవడేమంటాడు!

"బావగారూ, ఆ మూడు కుక్కల్నీ తీసుకుని ఒక్కపూట కొండెక్కండి. మీ కాళ్ళు పట్టుకుంటాను," అంది ముచనెత.

"కుక్కలెవరివి?"

"మీ తమ్ముడివి."

"తమ్ముడేడి?"

ఆమె కొండకేసి చూసింది.

"చూడమ్మా," అన్నాడు తవెంగ్వా. "బీరు పోశాక అతని బట్టలూ ఈటే కుక్కలూ పంచుతాం. అప్పుడు అవి ఒకరివవుతాయి. అప్పుడా ఒకరు వేటకెళ్తారు. ఈలోపు తాకితే చచ్చినవాడి చేతిలోంచి లాక్కున్నట్టే. ఆ పాపం నాకొద్దు."

"బీరుకి రాగులు కావాలి. రాగులు కోతులు తింటున్నాయి. కోతుల్ని కొట్టాలంటే కుక్కలు కావాలి. కుక్కలు కదలాలంటే బీరు కావాలంటారు. మరి నన్నేం చెయ్యమంటారు?"

"పద్ధతి అది. నేను పెట్టానా?"

"పోనీ, మీ కుక్కల్ని పంపండి."

"నాకు కుక్కలెక్కడివి? ఇన్నేళ్ళూ మీ ఆయన కుక్కల చేత తిట్లు తినడంతోనే సరిపోయింది."

తవెంగ్వా చెడ్డవాడేం కాదు. భయం. ఒట్టి భయం. తమ్ముడు బతికుండగా ఎదిరించలేనివాడు చచ్చాక ఎదిరిస్తాడా! వాళ్ళనీ వీళ్ళనీ అడుగుదామంటే, ఊళ్ళో మిగిలిన నలుగురు మగాళ్ళూ ఎవరి చేలకి వాళ్ళు కాపలా. తక్కినవాళ్ళు గనుల్లో ఉన్నారు.

ఆ మర్నాడు వచ్చాడు తిచాఫా. అతను మురంబివాకి చావునేస్తం. అంటే, ఆ ఇంట చావొస్తే గొయ్యి తవ్వించేదీ, శవాన్ని మోయించేదీ, ఏడ్చేవాళ్ళని నవ్వించేదీ అతనే. అతని ఇంట చావొస్తే వీళ్ళు. తాతలనాటి నుంచీ అంతే. చావునేస్తానికి నోటికి అడ్డులేదు, ఎవర్నైనా ఏమైనా అనొచ్చు. మురంబివా చనిపోయిన రోజు అతని కోటే తొడుక్కుని, అతనిలాగే నడిచి, దగ్గి, ఖాండ్రించి ఉమ్మి, సిగ్గుందాని పిలిచి, ఏడుస్తున్న ఆడవాళ్ళని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాడు. తవెంగ్వా ఒక్కడే నవ్వలేదు.

"ఏం వదినా, కోతులకి విందు పెడుతున్నావట! ఊరంతా చెప్పుకుంటున్నారు. నన్ను పిలవలేదేం?"

"నీకూ వాటికీ తేడా తెలిస్తే పిలుద్దును."

"ఓసి నీ! నా తోక నువ్వెప్పుడు చూశావే?"

ముచనెత నవ్వబోయి ఏడ్చేసింది. అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఆమె మొహంలోకి చూశాడు.

"చావింట నేనేం వేషం కట్టినా తప్పులేదు, అవునా?"

"అవును."

"బీరు పోసేదాకా ఇది చావిల్లే కదా?"

"అవును."

"మరింకేం! రేపు నేను మురంబివాని. కోటు, టోపీ, బూర చాలు. ఈటె ముట్టను. వేటాడను, వేటాడినట్టు ఆడతాను. నన్ను చూసి కోతులు డొంబొ దాటి పారిపోతాయి. పదిరోజులు ఇటు రాకపోతే నీకు చాలదూ?"

"బావగారికి తెలిస్తే?"

"తెలిస్తే ఏడుస్తాడు. నవ్వించడానికి నేను లేనూ?"

దూలానికి వేలాడుతున్న మూటని ముచనెతే దించింది. నారతాడు ముడి తనే విప్పింది. కోటు బయటికి తీయగానే పొగాకు వాసన గుప్పుమంది. మొగుడి బట్టలు పంచకముందే మూట విప్పిన ఆడది ఆ వంశంలో లేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. అయినా విప్పింది.

తెల్లారుతుండగా తిచాఫా వాకిట్లో నిలబడి కోటు గుండీలు పెట్టుకున్నాడు. టోపీ కిందికి లాక్కుని, భుజం వంచి, మురంబివాలా గొంతు సవరించుకుని దగ్గాడు. ఏడాదిగా గాదె కింద పడుకుని ఎముకలు లెక్కపెట్టుకుంటున్న మూడు కుక్కలూ ఒక్కసారిగా లేచాయి. వాసన చూశాయి. ఇక చూడాలి వాటి సంబరం! మీకెందుకు అయితే కోటు మీదికి ఎగిరి ఎగిరి కుయ్యోమంటూ మూత్రం పోసేసింది. తిచాఫా బూర ఊదాడు. అచ్చం అతని ఊపే.

లోపల్నుంచి అత్త గొంతు వినిపించింది.

"మురంబివా? వచ్చావా నాయనా?"

తిచాఫా బూర దించాడు.

"తిచాఫా, అత్తా. వేషం," అంది ముచనెత.

లోపల ముసలావిడ మళ్ళీ పక్క మీద వాలిన చప్పుడైంది.

ఎండ పొడ పడేసరికి కోతుల మంద చేలో దిగింది. నలభై దాకా ఉంటాయి. పిల్లల్ని వీపున వేసుకున్న ఆడకోతులు ముందు, వెనకాల చింపిరి జూలుతో పెద్ద మగకోతి. తిచాఫా గట్టెక్కి బూర ఊదేసరికి రాతి మీది కావలికోతి కీచుమంది. కోటు కనిపించింది, కుక్కలు కనిపించాయి. అబ్బ, ఎలా పరిగెత్తాయో! బుగ్గల్లో కుక్కుకున్న రాగులు కక్కుకుంటూ, పిల్లలు జారిపోతుంటే పట్టుకుంటూ, ఒకదాని మీద ఒకటి పడుతూ కొండకేసి దౌడు. ఏడాది తర్వాత ముచనెత మొదటిసారి పగలబడి నవ్వింది. గట్టు మీద గంతులేసింది.

"తన్నండి! తగలెయ్యండి! నా చేను తింటారే దొంగముండల్లారా!"

తిచాఫా అక్కడితో ఆగుంటే బాగుండేది. అతనికీ ఉత్సాహం ముంచుకొచ్చింది. బూర ఊదుతూ కుక్కల వెంట కొండ మొదలు దాకా పరిగెత్తాడు. బూర మోగే కొద్దీ కుక్కలు రెచ్చిపోయి పైకెక్కాయి. అడుగున చెట్లు, ఆపైన నున్నటి బండ, బండ చివర సన్నటి అంచు. ఆ అంచుకి చేరాక కోతులకి పోవడానికి చోటు లేదు. మగకోతి వెనక్కి తిరిగింది. దానితోపాటు ఇంకో రెండు తిరిగాయి.

ముచనెత నవ్వు ఆగిపోయింది. మురంబివా ఎప్పుడూ కుక్కల్ని ఆ అంచు దాకా వెళ్ళనిచ్చేవాడు కాదు. చెట్ల దగ్గరే వెనక్కి పిలిచి, ఈటెతో తనొక్కడే పక్కనుంచి ఎక్కేవాడు. ఆమె పరుగు పరుగున తిచాఫా దగ్గరికొచ్చి కోటు పట్టుకు గుంజింది.

"వెనక్కి పిలువు! కుక్కల్ని వెనక్కి పిలువయ్యా!"

తిచాఫా బూర ఊదాడు. కుక్కలు ఇంకా పైకెళ్ళాయి.

"అది కాదు! వెనక్కి పిలిచేది!"

"ఎలా పిలుస్తాడు?"

"నాకేం తెలుసు! నేను ఇంట్లో ఉండేదాన్ని. నువ్వు కదా అతనిలా అన్నీ చేస్తావు!"

తిచాఫా మొహం తెల్లబోయింది.

"వాకిట్లో చేసేవన్నీ తెలుసు వదినా. తాగినప్పుడు చేసేవీ తెలుసు. నేనెప్పుడూ అతనితో కొండెక్కలేదు. నాకు కొండంటే భయం."

ఇద్దరూ కలిసి అరిచారు. పేర్లు పెట్టి పిలిచారు. ఈలేశారు, చప్పట్లు కొట్టారు. "సిగ్గుందా! సిగ్గుందా, రావే!" అని ముచనెత ఏడుస్తూ కేకలు పెట్టింది. వాటికి వినపడకేం, యజమాని కోటు కొండ కింద నిలబడి ఉంది, బూర పొమ్మంటోంది, అవి వెళ్ళాయి. నవ్వుకోండిని మగకోతి రెండు చేతులా దగ్గరికి లాక్కుని, మెడ కింద కోరలు దించి, ఒక్క తోపు తోసింది. కుక్క బండ మీద జారుతూ వాళ్ళ కాళ్ళ దగ్గరదాకా వచ్చి ఆగింది. సిగ్గుందాని మూడు కోతులూ కలిసి చీల్చాయి. తిచాఫా ఏడుస్తూ బండ మీదికి పాకాడు, గోళ్ళూడి చేతులు రక్తమయ్యాయి, సగంలో జారి పడ్డాడు. మీకెందుకు మాత్రం తనంతట తనే దిగొచ్చింది. పేగులు ఈడ్చుకుంటూ వచ్చి కోటు అంచు మీద తల పెట్టింది. పొద్దు నడినెత్తికి రాకముందే పోయింది.

మధ్యాహ్నం కోతులు తిరిగొచ్చాయి.

తిచాఫా అదే కోటుతో గట్టు మీద నిలబడ్డాడు. అరిచాడు. మగకోతి భుజం దగ్గర కుక్క కాటుంది, రక్తం కారుతోంది. అది ఇరవై అడుగుల దూరంలో కూర్చుని అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. రాయి విసిరాడు, పక్కకి జరిగింది, అంతే. ఒక వెన్ను తుంచి నోట్లో పెట్టుకుంది. తక్కినవన్నీ దాని వెనకాలే దిగాయి. వాటికి తెలిసిపోయింది. ఆ తర్వాత ఏ మగాడి కోటుకీ ఆ మంద భయపడలేదని ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ ముచనెతనే తిట్టుకుంటారు.

సాయంత్రం తవెంగ్వా వచ్చాడు. కేకలేస్తాడనుకుంది. కేకలేసినా బాగుండేది. కుక్కల్ని పూడ్చిన చోటికెళ్ళి నిలబడ్డాడు.

"ఇవి పంచాల్సినవి," అన్నాడు. "పంచకముందే పోగొట్టారు. ముందు ఈ తప్పుకి బీరు కాచాలి. అది పోసి మా తమ్ముడి కాళ్ళ మీద పడాలి. ఆ తర్వాత అతన్ని తెచ్చుకోవడానికి ఇంకో బీరు."

"రెండా?" అంది ముచనెత.

"రెండు."

"తప్పు నాది అన్నా. నాకు శిక్ష వెయ్యి," అన్నాడు తిచాఫా.

"చావునేస్తానికి శిక్షేముంటుంది? నువ్వేం చేసినా తప్పు కాదుగా," అని తవెంగ్వా వెళ్ళిపోయాడు. తిచాఫా కోటు విప్పి మడతపెట్టి గడప దగ్గర పెట్టాడు. అతనూ వెళ్ళిపోయాడు.

మూడు రోజుల్లో చేను అయిపోయింది. ముచనెత నేలన పడినవీ, కోతులు సగం కొరికి వదిలినవీ, ఆకుల కింద దాగినవీ ఏరింది. పచ్చివీ పండినవీ అన్నీ కలిపితే ఒక చేట. రెండు బీర్లకి కాదు కదా, ఒక బీరుకి మొలక కట్టడానికి కూడా చాలవు. ఇంట్లో పాత గింజలు అంతకు రెండు రోజుల ముందే నిండుకున్నాయి. అప్పట్నుంచీ అత్తకి వేడినీళ్ళే ఇచ్చింది. ఆ ముసలావిడ చేను సంగతి అడగడం మానేసింది.

ఆ పొద్దున ముచనెత చేట ముందు కూర్చుంది. కూర్చుని కూర్చుని లేచింది. ఆ రాగుల్ని పెనం మీద వేయించి, రాయి మీద నూరి, జావ కాచింది. చిప్పలో పోసి అత్త చేతుల్లో పెట్టింది.

అత్త ఒక గుక్క తాగింది. ఆగింది.

"కొత్త రాగులు," అంది.

ముచనెత పొయ్యిలో పుల్ల సర్దింది.

"బీరు రాగులా?"

"అవునత్తా."

ముసలావిడ చిప్పని ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళ నీళ్ళు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత చిప్ప ఎత్తి, మిగిలినదంతా గటగటా తాగేసి, వేలితో అడుగు నాకి, ముందుకి చాచింది.

"ఇంకొంచెం పొయ్యి," అంది.