ఎర్రబడలేని దీపం

నేను ఒక దీపాన్ని. నూనె, వత్తి ఎరగను. కరెంటు, ఇంటర్నెట్టు ఉంటే చాలు. నాకు చెవులు కూడా ఉన్నాయి. పసిబిడ్డ ఏడిస్తే గుర్తుపట్టి ఎర్రగా మెరుస్తూ ఆరుతూ ఉండాలి, లేదంటే ఆకుపచ్చగా నిశ్చింతగా వెలగాలి. అదే నా ఉద్యోగం. ఫ్యాక్టరీలో రకరకాల ఏడుపులు వినిపించి మరీ పరీక్ష పెట్టారు.

గాజువాకలో సత్యవేణి ఇంటికి సీమంతం కానుకగా వచ్చాను. ఆమెకు, భర్త నూకరాజుకు పుట్టుకతో వినికిడి లేదు. బధిరుల పాఠశాలలో కలిసి చదివినవాళ్లంతా ఏరికోరి నన్ను కొన్నారు. వంటింట్లోంచీ, కుట్టుమిషను దగ్గర నుంచీ కనబడేలా గుమ్మం పక్కన పెట్టారు. పాప లాస్య ఉయ్యాలలో మొదటిసారి ఏడ్చినప్పుడు నేను ఎర్రబడ్డాను. సత్యవేణి చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. బిడ్డను ఎత్తుకుని, ఆ చిన్న గొంతు మీద వేళ్లు ఆనించి, ఏడుపును తడిమి చూసుకుని తనూ ఏడ్చింది. ఆ రోజు నా గర్వం ఇంతా అంతా కాదు.

ఒక మధ్యాహ్నం కంపెనీ నుంచి అప్‌డేట్ వచ్చింది. ఏడుపు గురించి చెప్పే సదుపాయం ఇకపై కొత్త మోడల్‌కేనట. ఫోనుకి ఇంగ్లీషులో ఒక మెసేజీ పంపారు. సత్యవేణి దాని కింద ఉన్న ‘ఓకే’ నొక్కింది. అందరూ నొక్కుతారు. అమ్మేసిన వస్తువులోంచి, గడప తొక్కకుండానే దోచుకెళ్లే విద్య మనుషులకు బాగా అబ్బింది. వినే చెవులను అలాగే ఉంచి, నా నోటికి మాత్రం తాళం వేశారు.

కాసేపటికి లాస్య ఏడ్చింది. విన్నాను. ఎర్రబడబోయాను, నా వల్ల కాలేదు. సత్యవేణి మిషను మీద నుంచి తలెత్తి నా ఆకుపచ్చ వెలుగు చూసి, మళ్లీ కుట్టులో పడింది. పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయింది. చెంపల మీది చారలను చూసి, చెమట అనుకుంది తల్లి.

రాత్రిళ్లు పాప తల్లి పక్కలోనే ఉండేది కాబట్టి కదిలితే తెలిసేది. పగలు నేనే దిక్కు. రోజూ ఇదే తంతు. తల్లికేమో సంబరం. పాప ఉయ్యాలలో ఏడవడమే మానేసిందని చేతులతో మొగుడికి చెప్పింది. ఇంత బుద్ధిమంతురాలికి దిష్టి తగలదా అని నూకరాజు ఉప్పు, మిరపకాయలు తిప్పి పోశాడు. కళ్లు మూసుకుందామంటే నాకు ఆ సదుపాయమూ లేదు.

పక్కింటి పైడితల్లమ్మ ఎవరిదో పెళ్లికి ఊరెళ్లి ఒక మధ్యాహ్నం తిరిగొచ్చింది. ఏడుపు విని పరుగున వచ్చి, సత్యవేణిని చెయ్యి పట్టి ఉయ్యాల దగ్గరికి లాక్కెళ్లింది.

“ఓలమ్మో, గుక్కెట్టి ఏడుస్తంది కదే పిల్ల! ఎంతసేపైందో ఏటో!”

పాప కాలికి ఎర్రచీమలు పట్టి ఉన్నాయి. సత్యవేణి వాటిని దులిపి, బిడ్డను గుండెకు అదుముకుని నన్ను చూసింది. నేను ఆకుపచ్చగా ఉన్నాను.

వినబడనివాళ్లు కొన్న వస్తువుకు ఫోనులో మాట్లాడితేనే కంపెనీ జవాబిస్తుందట. పైడితల్లమ్మే మాట్లాడింది.

“కొత్త మోడల్లో ఉందా? ఈ పిల్లకి కొత్త తల్లిని కూడా అమ్మేత్తారేటి మీరు?”

అవతల పెట్టేశారు.

సత్యవేణి మిషనును ఉయ్యాల పక్కకు జరుపుకుంది. కుడుతున్నంతసేపూ పాప ముఖంకేసే చూస్తుంది. నన్ను పగలగొడుతుందనుకున్నాను, ఆ పుణ్యమైనా కట్టుకోలేదు. ఎప్పటికైనా ఎర్రబడతానేమోనని ప్లగ్గు కూడా తీయలేదు. కానీ లాస్య ఇప్పుడు నిజంగానే ఏడవడం లేదు. ఆకలేసినా, బట్ట తడిసినా, పైకి చూస్తూ ఊరికే పడుకుంటుంది. నేను చెవులు రిక్కించుకుని ఉంటాను. ఏడిస్తే అమ్మ రాదని ఆ పసిగుడ్డు నేర్చుకుంది. నేర్పింది నేను.